అది వాన నీళ్లే

కారు కొన్న రోజునే మహాలక్ష్మమ్మ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పేసింది. ఆ కారులోకి చేప ఎక్కడానికి వీల్లేదు. పచ్చిదీ వద్దు, ఎండుదీ వద్దు, ఆఖరికి మూతపెట్టిన పులుసు గిన్నె కూడా వద్దు.

ఆమె ఇల్లు యానాం అవతల, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న పల్లెపేటలో. పదిహేడో ఏట గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మడం మొదలుపెట్టింది. వేటకు వెళ్లే మొగుడు జబ్బుచేసి పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ గంపతోనే పెంచింది. ఇప్పుడు గంప మోయడం లేదు. తెల్లారేసరికి రేవుకు పోయి, బోట్ల దగ్గర వేలం పాట పాడి సరుకు కొని, ట్రాలీ ఆటో మీద కాకినాడకు పంపుతుంది. గంప మోసే రోజుల్లో ఒకసారి, జోరున వాన పడుతుండగా, ఎవరో ముక్కు మూసుకున్నారని కండక్టరు ఆమెను నడిదారిలో బస్సు దింపేశాడు. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు పరీక్షలో ఒకసారి తప్పి, రెండోసారి నెగ్గి, తెల్లటి చిన్న కారు కొనుక్కుంది. చేపల పనికి ఆటో ఉంది. ఇది మాత్రం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తను కూర్చోవడానికి.

అలాంటి కారులో ఆషాఢం వచ్చేసరికి కంపు మొదలైంది.

మొదట ఆమెకు తెలియలేదు. పెద్దాపురంలో కాపురముంటున్న కూతురు అశ్విని మరిడమ్మ జాతరకు రమ్మంటే వెళ్లింది. మర్నాడు వియ్యపురాలు పిఠాపురం గుడికి వెళ్దామంటే, ఆవిడను ముందు సీట్లో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అద్దాలు ఎత్తి ఏసీ వేసింది. అరమైలు పోయిందో లేదో, వియ్యపురాలు పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత కాళ్లు పైకి తీసుకుంది.

“వదినగారూ, కింద తడిగా ఉందండి. ఏమన్నా ఒలికిందాండి?”

“ఏం ఒలకలేదండీ. వానకి చెప్పుల తడేమో.”

“అదేలెండి. మీ వ్యాపారం అలాంటిది కదా, ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పదు.”

ఆవిడ మాటలో విషం ఏమీ లేదు. ఓదార్చినట్టే అంది. అందుకే మహాలక్ష్మమ్మకు అది మరీ లోతుగా దిగింది. గుడి దగ్గర కారు ఆపి, పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట చెయ్యిపెట్టి నొక్కింది. కార్పెట్ లోంచి నీళ్లు పిండినట్టు పైకి వచ్చాయి. ముక్కిన వాసన. చేపది కాదది. చేప వాసన ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇది నానిన గోనెసంచి వాసన.

రెండు రోజుల తర్వాత కాకినాడలో కారు కొన్న షోరూముకి తీసుకెళ్లింది. అక్కడ రిపేరుకొచ్చిన బళ్లు చూసి రాసుకునే ఉదయ్‌కుమార్ అనే కుర్రాయన తలుపు తీసి, వంగి చూసి, వెంటనే నిటారుగా నిలబడ్డాడు.

“ఏం చేస్తుంటారండీ మీరు?”

“చేపల వ్యాపారం.”

“అదేనండి మరి. ఐసు పెట్టెలు పెడితే నీళ్లు కారిపోతాయి కదండీ. దీనికి కంపెనీ వారంటీ రాదండి. లోపలంతా షాంపూ వాష్ చేయించుకోండి, వాసన తగ్గుద్ది.”

“ఈ కారులో చేప ఎక్కలేదు బాబూ. ఒక్కటంటే ఒక్కటి ఎక్కలేదు.”

“అందరూ అలాగే అంటారండి,” అని నవ్వాడు.

మహాలక్ష్మమ్మ వంగి, కార్పెట్ మీద వేలు అద్ది, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. ఉదయ్‌కుమార్ మొహం అదోలా పెట్టాడు.

“ఉప్పు లేదు. చేపల ఐసు నీళ్లయితే ఉప్పు తగులుద్ది. ఏ కాలవలో సముద్రం పోటు ఎంతవరకూ ఎక్కిందో నీళ్లు నాలిక్కి తగిలితే చెప్తాను నేను. ఇది వాన నీరు. పైనుంచి వత్తంది. ఎక్కణ్నుంచో చూడండి.”

“నాలికతో చూసింది సిస్టంలో ఎక్కించలేమండి,” అన్నాడతను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. అతను కంప్యూటర్లో ఏదో కొట్టి, జాబ్ కార్డు కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. బయటికి వచ్చి ఫొటో తీసి అశ్వినికి పంపింది. అశ్విని ఫోన్ చేసింది గాని, ముందు చదవలేదు.

“ఇప్పుడెందుకులేమ్మా. వదిలెయ్.”

“ఏం రాశాడో చెప్పు.”

“‘కస్టమరు కారులో చేపలు తీసుకెళ్తున్నారు. వాసన, తడి అందువల్లే. కారులో లోపం లేదు’ అని రాశాడమ్మా.”

మహాలక్ష్మమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిలో దోపుకుంది. దారి పొడుగునా ఏసీ వేయకుండా, నాలుగు అద్దాలూ దించి ఇంటికి చేరింది. తమ్ముడు పల్లంరాజు రేవులో ఫైబర్ బోట్లకు కన్నాలు పూడ్చే పని చేస్తాడు. తిన్నగా అతని దగ్గరికే పోయింది.

“ఒరేయ్, నాకు కారులో కన్నం దొరకాలి. ఎన్ని రోజులైనా సరే.”

“షోరూం వాళ్లకి దొరకలేదా అక్కా?”

“వాళ్లు ఎతకలేదు. నా మొహం చూసి రాసేశారు.”

పల్లంరాజు సరేనన్నాడు. మర్నాడు బోటు పని ఆపుకుని వచ్చాడు. కారు తలుపు కింది అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ పైకి లేపాడు. కార్పెట్ పైపైన తడిగానే ఉందిగాని, దాని కింద పరిచిన దళసరి స్పాంజి మాత్రం నీళ్లు తాగి బరువెక్కిపోయింది. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని పిండితే సగం బకెట్టు నిండింది. రెండు రోజులు ఎండలో పడేశారు. ఆ రెండు రోజులూ దారిన పోయేవాళ్లందరూ ఆగి ఏంటని అడిగారు. మహాలక్ష్మమ్మ అందరికీ ఒకటే చెప్పింది. “వాన కారుతుంది. ఎక్కడో కనుక్కుంటున్నాం.”

“బోటులో నీరు తేలిన చోట కన్నం ఉండదక్కా,” అన్నాడు పల్లంరాజు. “ఎక్కడో దూరి, ఎక్కడెక్కడో జారి, పల్లంలో చేరుద్ది. ఇదీ అంతే. ఒక్కో చోటే తడిపి చూడాలి. అంతా ఒకేసారి తడిపేత్తే ఏదీ తెలీదు.”

ముందు ఏసీ మీద అనుమానం తీర్చుకున్నారు. వాన లేని పూట, లోపల కాళ్ల దగ్గర పాత పేపర్లు పరిచి, గంటసేపు ఏసీ వేసి మహాలక్ష్మమ్మ కారు తిప్పింది. ఏసీ నీళ్లు బండి కింద రోడ్డు మీదే పడ్డాయి. పేపర్లు పొడిగా ఉన్నాయి. తర్వాత తలుపు. పల్లంరాజు బయట నిలబడి, కుళాయి పైపుతో కింది నుంచి పైకి మెల్లగా తడుపుతూ వచ్చాడు. మహాలక్ష్మమ్మ లోపల సీటు వెనక్కి తోసి, తల కిందికి పెట్టి, ఫోన్ లైటు వేసి చూస్తూ కూర్చుంది. పావుగంట. ఏమీ రాలేదు.

“తలుపు కాదు. పైకి రా,” అందామె.

బోనెట్‌కీ ముందు అద్దానికీ మధ్య, వైపర్ల కింద ఒక ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. దాని మీద నీళ్లు పట్టగానే లోపల సన్నగా గలగలమని చప్పుడైంది. ఇంకాసేపటికి డ్యాష్‌బోర్డు కింద నుంచి ధార కట్టింది.

“వచ్చిందిరా! వచ్చింది, వచ్చింది!” అని లోపల్నుంచి అరిచింది మహాలక్ష్మమ్మ. నీళ్లు ఆమె మెడ మీదే పడుతున్నాయి.

జల్లెడ ఊడదీస్తే, దాని కిందున్న తొట్టి నిండా సరుగుడు ఆకు. ఇంటి పక్క సరుగుడు చెట్ల నీడనే ఆమె ఏడాదిగా కారు పెడుతోంది. సూదుల్లాంటి ఆ ఆకులు ఒకదానిమీదొకటి పేరుకుని, నీళ్లు కిందికి పోయే గొట్టాన్ని బిరడా కొట్టినట్టు మూసేశాయి. నిండిన నీరు గాలి పోయే దారిలోంచి లోపలికి పొర్లుతోంది. పల్లంరాజు గుప్పెళ్లతో తీసి పారబోశాడు. మహాలక్ష్మమ్మకు ఒక పక్క ఉత్సాహం, ఇంకో పక్క చిన్నతనం.

“అయితే తప్పు నాదేనంట్రా.”

“చెట్టుదక్కా,” అన్నాడతను నవ్వుతూ.

అంతటితో అయిపోయిందనుకున్నారు. స్పాంజి, కార్పెట్ సర్దేసి, కారును చెట్లకు దూరంగా, దిబ్బ మీద పెట్టారు. మూడో నాడు పొద్దున్నే ఒక గంట గట్టి వాన కురిసింది. వెలిసీ వెలవగానే ఆమె చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి, తలుపు తీసి నొక్కి చూసింది.

తడి. ముందంత కాదు. కానీ తడే.

ఆ పూట ఆమె రేవుకు పోలేదు. వరండాలో కూర్చుని కారు వైపు చూస్తూ ఉండిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు చెప్పిందే నిజమని రేపు అందరూ నమ్ముతారు. వియ్యపురాలు నమ్మేసింది. ఏదో ఒక రోజు తనూ నమ్ముతుందేమో, తన ఒంటికే ఏదో అంటుకుని ఉందని. ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది. లేచింది.

పల్లంరాజు ఈసారి కాస్త విసిగి ఉన్నాడు. “అక్కా, నా మాట విను. కింద రేకుకి చిన్న కన్నం పొడిచేద్దాం. వచ్చిన నీరు వచ్చినట్టే పోద్ది.”

“నీరు పోవడం కాదురా నాకు కావాల్సింది. అసలు రాకూడదు. వాడు రాసింది తప్పని తేలాలి.”

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. వేసవిలో టిప్పర్ లారీ మీంచి రాయి జారి ముందు అద్దం పగిలింది. అదే షోరూములో కొత్త అద్దం వేయించింది. శనివారం సాయంత్రం. రేపు సెలవండి, ఇప్పుడే తీసుకెళ్లిపోండి అని అద్దం బిగించిన గంటకే తాళాలు చేతిలో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన మొదటి వానలు ఇవే.

“అద్దం మీద పట్టరా పైపు.”

ఈసారి జాగ్రత్త ఇంకా ఎక్కువ పడ్డారు. అద్దం పక్కనుండే స్తంభానికి లోపల తొడిగిన ప్లాస్టిక్ తొడుగు ఊడదీశారు. మహాలక్ష్మమ్మ తను మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, ఆ రేకు మీద పైనుంచి కిందివరకూ చల్లింది. నీరు ఎక్కడ జారినా తెల్లటి పౌడరులో చార పడుతుంది. పల్లంరాజు అద్దం కింది అంచు మొదలుపెట్టి, జానెడు జానెడు తడుపుకుంటూ పైకి పోయాడు. కింది అంచు, పక్క అంచు, ఏమీ లేదు. ఎడమ పక్క పై మూలకు వచ్చాక ఆమె ఫోన్ లైటు దగ్గరగా పెట్టింది. నిమిషం గడిచింది. మూలలో ఒక చుక్క పుట్టింది. ఊగింది. జారింది. దాని వెనకే ఇంకోటి. పౌడరులో గీత గీసినట్టు తిన్నగా చార దిగి, డ్యాష్‌బోర్డు వెనక్కి పోయి, కింద స్పాంజి మీదికి చేరింది.

ఈసారి ఆమె అరవలేదు. బయటికి వచ్చి, ఆ మూల రబ్బరు పట్టీని గోటితో ఎత్తి చూసింది. అద్దాన్ని అతికించిన నల్లటి గమ్ములో చిన్న ఖాళీ. చీపురు పుల్ల పెడితే సగం లోపలికి పోయింది.

“అరగంట పనక్కా. బోట్లకి పూసే రెసిన్ కలిపి పూసేత్తాను. చచ్చినా కారదు.”

“పూయకు.”

“అదేంటి?”

“నువ్వు పూసేత్తే వాళ్లు రాసింది అలాగే ఉండిపోద్ది. ఇది వాళ్లు చూడాలి. వాళ్ల కళ్లతోనే చూడాలి.”

సోమవారం పొద్దున్న పదింటికి ఆమె పట్టుచీర కట్టుకుని షోరూముకి వెళ్లింది. పల్లంరాజు వెనక మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఉదయ్‌కుమార్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

“షాంపూ వాష్‌కాండీ?”

“కాదు. మీరు బిగించిన అద్దం కారుతుంది. నీళ్లు పట్టి చూడండి.”

“సరేనండి, బండి వదిలి వెళ్లండి. మూడు రోజుల్లో చెక్ చేసి ఫోన్ చేస్తాం.”

“వదలను. నా ఎదర పట్టండి. నేను లోపల కూర్చుంటాను.”

“కస్టమర్లని లోపల కూర్చోబెట్టి టెస్ట్ చేయమండి. రూల్స్ ఒప్పుకోవు.”

మహాలక్ష్మమ్మ కారెక్కి, కార్లు కడిగే చోటికి తిన్నగా నడిపి, అక్కడి గట్టు మీదికి ఎక్కించి ఆపింది. ఇంజను కట్టేసి, పక్క సీట్లోకి జరిగి, తలుపు లోపల్నుంచి లాక్ చేసుకుంది. తలుపు అద్దం మాత్రం నాలుగు వేళ్లు దించి, “నీళ్లు పట్టేదాకా దిగను,” అంది.

వెనక కడగాల్సిన కార్లు రెండు ఆగిపోయాయి. వాటి తాలూకు మనుషులు కాఫీ కప్పులు పట్టుకుని వచ్చి చూడసాగారు. ఉదయ్‌కుమార్ బతిమాలాడు, గదమాయించాడు, సెక్యూరిటీని పిలుస్తానన్నాడు. “పిలు. వాణ్నీ చూడమను,” అందామె. ఆఖరికి పైనుంచి మేనేజరు గణేష్‌బాబు దిగి వచ్చాడు. పెద్దవయసు, నెమ్మదస్తుడు.

“ఏంటమ్మా గొడవ?”

“గొడవేం లేదండి. పైపు పట్టి పావుగంట నీళ్లు పోయమంటున్నాను. కారకపోతే మీ అందరికీ దణ్ణం పెట్టి పోతాను. మళ్లీ ఈ గుమ్మం ఎక్కను.”

గణేష్‌బాబు వెనక్కి చూశాడు. గోడవార, చేతులు తుడుచుకుంటూ ఒక మెకానిక్ నిలబడి ఉన్నాడు. అద్దాలు బిగించే సామ్యేలు. యాభై ఏళ్లుంటాయి. “సామ్యేలూ, పట్టు,” అన్నాడు మేనేజరు.

సామ్యేలు పైపు తీసుకున్నాడు. అతను ఎక్కడ పట్టాలని ఎవర్నీ అడగలేదు. కింది అంచు, పక్క అంచు వదిలేసి, తిన్నగా ఎడమ పక్క పై మూలకే పోయాడు. మహాలక్ష్మమ్మ అది గమనించింది. ఈయనకు ముందే తెలుసన్నమాట.

లోపల ఆమె తలుపు అద్దం ఎత్తేసి, అరచెయ్యి చాచి స్తంభం కింద పెట్టింది. కాసేపటికి అరచేతిలో చుక్క పడింది. ఇంకో చుక్క. అరచెయ్యి నిండేదాకా ఆగి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని, మోచేత్తో తలుపు తీసుకుని దిగింది. నేరుగా ఉదయ్‌కుమార్ ముందుకు వచ్చి నిలబడింది.

“వాసన చూడు బాబూ. చేపలేమన్నా ఉన్నాయేమో.”

ఎవరూ నవ్వలేదు. ఉదయ్‌కుమార్ తల పక్కకి తిప్పుకున్నాడు.

“ఇంకో మాట కూడా చెప్తాను,” అంది ఆమె మేనేజరుతో. “వైపర్ల కింద సరుగుడాకు పేరుకుని కొంత నీరు వచ్చింది. అది నా తప్పు. నేనే తీసుకున్నాను. ఈ మూల మాత్రం మీది.”

“వాన గట్టిగా పడితే ఏ కారైనా కొద్దిగా…” అని ఉదయ్‌కుమార్ మొదలుపెట్టాడు.

“కాదండి,” అన్నాడు సామ్యేలు. గొంతు చిన్నదే గాని అందరికీ వినపడింది. “ఆ మూల గమ్ము సరిగా పడలేదు సార్. బండి అప్పుడే కదపొద్దు, ఆరనివ్వాలి, సోమవారం చూసి ఇద్దామని ఆ రోజే చెప్పానండి. డెలివరీ రాసేశాం, పంపెయ్ అన్నారు. పంపేశాను. నాదీ తప్పేనండి. అమ్మగారు మొన్న వచ్చినప్పుడు నన్ను పిలిచుంటే అప్పుడే చెప్పేవాణ్ని.”

గణేష్‌బాబు ఆ మూల రబ్బరు పట్టీ ఎత్తి తనే చూశాడు. తర్వాత మహాలక్ష్మమ్మ వైపు తిరిగాడు. “అద్దం ఊడదీసి మళ్లీ బిగిస్తామమ్మా. కొత్త కార్పెట్ వేయిస్తాను. మీకు ఇబ్బంది కలిగింది, ఏమనుకోకండి.”

“కార్పెట్ బానే ఉందండి, ఎండబెట్టుకున్నాం. నాకు వేరేది కావాలి.” బొడ్డు సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, కారు బోనెట్ మీద పరిచింది. “ఇది కొట్టెయ్యాలి. సిస్టంలోనూ కొట్టెయ్యాలి. ఏం జరిగిందో అది రాయాలి. తెలుగులో రాయండి. నేను చదువుకోవాలి.”

“సిస్టం తెలుగు తీసుకోదండీ,” అన్నాడు ఉదయ్‌కుమార్, ఈసారి మెల్లగానే.

“అయితే సిస్టంలో ఇంగ్లీషులో రాసి, కాగితం మీద తెలుగులో రాసి, సంతకం పెట్టివ్వండి. నాకు తొందరేం లేదు. కూర్చుంటాను.”

కుర్చీ వేశారు. మంచినీళ్లు తెచ్చారు. ఉదయ్‌కుమార్ రెండుసార్లు రాశాడు. మొదటిసారి ‘కస్టమరు కోరికపై అద్దం మార్చబడినది’ అని రాస్తే, ఆమె వేలుపెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, కాగితం వెనక్కి తోసింది. “నేను కోరలేదు. కారింది.” రెండోసారి ఆమె చెప్తుంటే అతను రాశాడు. షోరూములో బిగించిన ముందు అద్దం మూల నుంచి వాన నీరు కారుతున్నది. కారులో చేపలు తీసుకెళ్లారని ముందు రాసింది తప్పు. గణేష్‌బాబు సంతకం పెట్టాడు. ఆమె అడిగాక, ఉదయ్‌కుమార్ కూడా పెట్టాడు. పెట్టి, కాగితం ఇస్తూ, కళ్లెత్తకుండానే, “సారీ అండి,” అన్నాడు.

“మీ అమ్మగారు ఏం చేత్తారు బాబూ?”

“ఇంట్లోనేనండి. మిషను కుడతారు.”

“ఆవిడ చీరకి మరకుంటే, అది మిషను నూనేనని చూడకుండా ఎవరూ రాసెయ్యకుండా చూసుకో,” అని లేచింది.

పని రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఆరాక గాని తీసుకెళ్లనని ఆమె ముందే చెప్పింది. తీసుకున్న నాడు సామ్యేలు తనే పైపు పట్టి చూపించాడు. ఎడమ మూల, కుడి మూల, పైనా కిందా. ఒక్క చుక్క రాలేదు.

శ్రావణం చివర్లో వాయుగుండం పట్టి మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. పేట చుట్టూ నీళ్లు నిలబడ్డాయి, బోట్లు కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగితే, తెలియని నంబరు.

“అమ్మగారూ, నేనండి, అద్దాల సామ్యేల్ని. వానలు కదా, ఎలా ఉందోనని… తడేమన్నా ఉందాండి?”

“ఉండు, చూసి చెప్తాను,” అని ఆమె గొడుగు వేసుకుని పోయి, తలుపు తీసి, అరచేత్తో గట్టిగా నొక్కింది. వేళ్లు చూసుకుంది. “లేదయ్యా. సున్నం గోడలా ఉంది, పొడిగా.”

అవతల అతను ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ వేసవిలో హడావిడిగా బిగించిన అద్దాలు ఇంకో రెండున్నాయట. ఆ బళ్ల వాళ్లను షోరూమే పిలిపించి సరిచేసిందట.

“వాళ్లు వచ్చి అడిగారా?”

“లేదండి. మేం పిలిచేదాకా కారుతున్నట్టే వాళ్లకి తెలీదు.”

మహాలక్ష్మమ్మ నవ్వింది. ఫోన్ పెట్టేసి, గొడుగు మూసి వెనక పడేసి, తడిసిన పాదాలు కొంగుతో తుడుచుకుని, స్టీరింగ్ ముందు కూర్చుంది. అశ్వినికి రెండు రోజులుగా జ్వరం. పెద్దాపురం రోడ్డు తెరిచే ఉందని పొద్దున పల్లంరాజు చెప్పాడు. తలుపు వేసుకుంది. పైన రేకు మీద వాన దడదడలాడుతోంది. వైపర్లు వేసి, గేరు మార్చి, నీళ్లలోంచి మెల్లగా రోడ్డెక్కించింది.